గంట కొట్టాక మిగిలే సమయం

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో ఉపాధ్యాయ సభ్యుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)





కార్యదర్శి గారు మాకు ఇచ్చిన అంశం 'ఉద్యోగం తర్వాత జీవితం'. మాలో చాలామందిమి యాభై దాటినవాళ్ళం కాబట్టి రిటైర్మెంట్ గురించి, పెన్షన్ గురించి మాట్లాడతామని వారు అనుకుని ఉంటారు. అయితే మేము మాట్లాడదలచుకున్నది అరవై ఏళ్ళు దాటిన తర్వాతి సంగతి కాదు. సాయంత్రం అయిదు దాటిన తర్వాతి సంగతి. పాతికేళ్ళ కుర్రవాడికైనా యాభై అయిదేళ్ళ గుమాస్తాకైనా ప్రతి రోజూ ఒక రిటైర్మెంట్ వస్తుంది. బడిలో ఆఖరి గంట కొట్టినట్టు ఆఫీసులోనూ ఒక వేళ అవుతుంది. ఆ వేళ తర్వాత మనం ఎవరం? ఏం చేస్తున్నాం? ఇవే మా ప్రశ్నలు.

ముందుగా ఒక మాట చెప్పాలి. ఈ మధ్య యువకులు చాలామంది తొమ్మిది నుంచి అయిదు ఉద్యోగాన్ని చెరసాల అంటున్నారు. ఉద్యోగం మానేస్తేనే స్వేచ్ఛ అని ఫోన్లలో వీడియోలు చూసి చెబుతున్నారు. ఆ మాట మన బస్తీలో అనేటప్పుడు కాస్త ఆలోచించాలి. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం మన దేశంలో పనిచేసే ముస్లింలలో దాదాపు 61 శాతం మంది స్వయం ఉపాధి మీద బతుకుతున్నవారే. హిందువులలో అది 55 శాతం దగ్గర ఉంది. స్వయం ఉపాధి అన్న మాట వినడానికి గొప్పగా ఉంటుంది. మన వీధిలో దాని పేర్లు వేరు: పంక్చర్ షాపు, పండ్ల బండి, కుట్టుమిషన్, ఆటో, మటన్ కొట్టు, గాజుల దుకాణం. వీళ్ళకు తొమ్మిదీ లేదు, అయిదూ లేదు. ఆదివారం లేదు, జ్వరం వస్తే సెలవు లేదు. బండి కదలకపోతే ఆ రోజు పొయ్యి వెలగదు. నెల మొదటి తారీఖున జీతం పడే ఉద్యోగం వీళ్ళ పిల్లలకు చెరసాల కాదు. అది ఒక తరమంతా కన్న కల. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చిన తర్వాత, ఇంటిలో మొదటిసారిగా ఇంజనీరింగ్ చదివిన పిల్లలను మేము తరగతి గదుల్లోనే చూశాం. ఆ పిల్లల ముందు నిలబడి ఉద్యోగం దండగ అని మేము చెప్పలేం, చెప్పం.

పైగా, ఎనిమిది గంటల పని అన్నది యజమానులు పెట్టిన కట్టుబాటు కూడా కాదు. కార్మికులు కొట్లాడి తెచ్చుకున్నది. ఫ్యాక్టరీల్లో పన్నెండు, పధ్నాలుగు గంటలు పనిచేసిన కాలంలో, రోజులో మూడో వంతు పనికి, మూడో వంతు నిద్రకు, మూడో వంతు మా సొంతానికి కావాలని వారు అడిగారు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొట్టమొదటి ఒప్పందంలోనే పరిశ్రమల్లో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని రాసింది. మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం కూడా వారానికి 48 గంటలనే హద్దు పెట్టింది. కాబట్టి తొమ్మిది నుంచి అయిదు అన్నది మన చుట్టూ కట్టిన గోడ కాదు. పని మన జీవితమంతా మేసేయకుండా పని చుట్టూ వేసిన కంచె. కంచెకు ఇవతల మనకు కొంత నేల మిగిలింది. దాన్ని బీడు పెట్టుకున్నామా, సాగు చేసుకున్నామా అన్నదే అసలు ప్రశ్న.

మన దీన్ ఈ విషయంలో ఏం నేర్పుతోంది? దివ్య ఖుర్ఆన్‌లో జుమా పేరుతోనే ఒక సూరా ఉంది. జుమా నమాజుకు పిలుపు వచ్చినప్పుడు క్రయవిక్రయాలు ఆపి రమ్మని, నమాజు ముగిసిన తర్వాత భూమి మీద విస్తరించి అల్లాహ్ అనుగ్రహాన్ని వెతుక్కోమని అందులో ఆదేశం ఉంది. రెండు ఆజ్ఞలూ పక్కపక్కనే ఉన్నాయి. వ్యాపారం మానేయమనలేదు. వ్యాపారమే సర్వస్వమని కూడా అనలేదు. పిలుపు వస్తే తక్కెడ దించగలగాలి, పిలుపు ముగిస్తే మళ్ళీ తక్కెడ ఎత్తుకోగలగాలి. అయిదు పూటల అజాన్ మనకు రోజూ నేర్పే పాఠం కూడా ఇదే. పనికి ఒక హద్దు ఉందనీ, ఆ హద్దు గీసేవాడు మేనేజరు కాదనీ ఆ పిలుపు గుర్తు చేస్తుంది.

దైవప్రవక్త ముహమ్మద్ (స) స్వహస్తాలతో సంపాదించుకుని తిన్న తిండి కంటే మేలైన తిండి లేదని బోధించారు. హజ్రత్ దావూద్ (అ) తన చేతి కష్టం మీదే తినేవారని ఉదాహరణ చెప్పారు. అదే ప్రవక్త (స) ఆరోగ్యం, తీరిక అనే రెండు వరాల విషయంలో చాలామంది మోసపోతున్నారని హెచ్చరించారు. సంపాదన గురించి చెప్పిన నోటితోనే తీరిక గురించీ చెప్పారు. మనం మొదటి మాటను బాగా గుర్తు పెట్టుకున్నాం. రెండో మాటను మాత్రం ఫోన్‌లో ముంచేశాం.

మన చరిత్రలో ఈ రెండింటినీ కలిపి నడిపిన పెద్దలు ఎందరో ఉన్నారు. ముగ్గురి సంగతి చెప్పుకుందాం.

మొదటివారు ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి). మనలో ఎక్కువమంది నమాజు చేసే పద్ధతి ఆయన మద్‌హబ్ ప్రకారమే. హిజ్రీ 80లో కూఫాలో పుట్టిన ఆయన వృత్తి బట్టల వ్యాపారం. దుకాణం నడుపుకుంటూనే శిష్యులకు పాఠం చెప్పారు. ఖలీఫా మన్సూర్ ఆయనను ఖాజీ పదవి తీసుకోమంటే నిరాకరించారు. దానికి చెర అనుభవించి, హిజ్రీ 150లో కన్నుమూశారు. ఆయన అలా కాదనగలిగారంటే, ఇతర కారణాలతో పాటు ఒకటి మనకు స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన ఇంటి పొయ్యి దర్బారు మీద ఆధారపడలేదు. దుకాణం ఆయనను బంధించలేదు. నిజం చెప్పగలిగే స్వేచ్ఛను ఇచ్చింది. హలాల్ సంపాదన విలువ అది.

రెండోవారు అబూ బకర్ అల్ ఖస్సాఫ్. హిజ్రీ మూడో శతాబ్దపు హనఫీ న్యాయవేత్త. ఖస్సాఫ్ అంటే చెప్పులు కుట్టేవాడు. ఆయన జీవనాధారం అదే. వక్ఫ్ ఆస్తుల నియమాల మీద ఆయన రాసిన గ్రంథాన్ని ఆ విషయంలో తొలినాటి ముఖ్య గ్రంథాలలో ఒకటిగా ఇప్పటికీ చెప్పుకుంటారు. మస్జిదుల ఆస్తులను, బీదల కోసం రాసిచ్చిన తోటలను, బావులను ఎలా కాపాడాలో చెప్పిన చెయ్యి తోలు కుట్టిన చెయ్యి. మన వంటి సొసైటీల మీద ఆయన రుణం ఉంది. ఆయనను లోకం వృత్తి పేరుతోనే పిలిచింది, అందులో నామోషీ లేదు. అయితే లోకం ఆయనను గుర్తు పెట్టుకున్నది కుట్టిన చెప్పుల కోసం కాదు.

మూడోవారు ఇమామ్ గజాలీ. ఉద్యోగం వదిలేస్తానని తొందరపడే యువకులు ఈయన సంగతి వినాలి. బాగ్దాద్‌లోని నిజామియా మదరసాలో ఆచార్య పదవి అంటే ఆ రోజుల్లో దానికి మించినది లేదు. 1095లో ఆయన దాన్ని వదిలి వెళ్ళిపోయారు. మనసుకు శాంతి లేక, చేస్తున్న పని పేరు కోసమేనన్న బాధతో వదిలారు. కాని వెళ్ళే ముందు భార్యాబిడ్డల పోషణకు సరిపడా ఏర్పాటు చేసి, మిగిలింది పంచి వెళ్ళారు. సుమారు పదకొండేళ్ళ తర్వాత నిషాపూర్‌లో మళ్ళీ పాఠం చెప్పడానికి కూర్చున్నారు. మారింది పాఠం చెప్పే పని కాదు, చెప్పే ఉద్దేశం. పని వదలడం గొప్ప కాదు, పట్టుకుని ఉండడమూ గొప్ప కాదు. నియ్యత్ ఏమిటన్నదే ముఖ్యం.

దగ్గరి కాలంలో డాక్టర్ జాకిర్ హుస్సేన్ ఉన్నారు. 1897లో హైదరాబాద్‌లో పుట్టి, జర్మనీలో డాక్టరేట్ చేసి, పెద్ద జీతాల కొలువులు దొరికే అర్హత ఉండి, 1926లో నిధులు లేక మూతపడే స్థితిలో ఉన్న జామియా మిల్లియా బాధ్యత తీసుకున్నారు. 1928లో ఆయనా, ఆయన తోటి అధ్యాపకులూ ఇరవై ఏళ్ళ పాటు నెలకు 150 రూపాయలకు మించి తీసుకోకుండా పనిచేస్తామని ప్రతిజ్ఞ చేశారు. తర్వాత 1967లో ఆయన రాష్ట్రపతి అయ్యారు. అందరం అలా చేయలేం. చేయనవసరం కూడా లేదు. కాని వాళ్ళు ఇరవై ఏళ్ళు ఇచ్చిన చోట మనం వారానికి రెండు గంటలు ఇవ్వలేమా అని అడిగే హక్కు మాకు ఉందనుకుంటున్నాం.

టైము ఎక్కడుంది సార్ అంటారు. మేము పంతుళ్ళం, లెక్క చేయించకుండా వదలం. వారానికి 168 గంటలు. ఉద్యోగానికి 48, రాకపోకలకు 12, నిద్రకు రోజుకు ఏడు చొప్పున 49. మొత్తం 109. ఇంకా 59 గంటలు మిగిలాయి. స్నానం, భోజనం, నమాజులు, బజారు, ఇంటి పనులకు రోజుకు అయిదు గంటలు ఉదారంగా ఇద్దాం. 35 పోయాయి. మిగిలినవి 24. అంటే వారంలో నిండుగా ఒక రోజు మన చేతిలో ఉంది. అది ఎటు పోతోందో ఎవరికి వాళ్ళు ఈ రాత్రి ఫోన్ సెట్టింగుల్లో స్క్రీన్ టైమ్ చూసుకుంటే తెలుస్తుంది. ఆ అంకె మాకు చెప్పనక్కర్లేదు.

ఇక్కడ అక్కచెల్లెళ్ళు ఈ లెక్క మగవాళ్ళదని నవ్వుకుంటారని తెలుసు. ఉద్యోగం చేసే ఆడవాళ్ళకు అయిదు గంటలకు ఒక గంట కొట్టి, వంటింట్లో రెండో గంట మొదలవుతుంది. వాళ్ళ 24 గంటలు ఇంటి పనిలో ఎప్పుడో అయిపోయాయి. ఇంట్లో గిన్నెలు కడిగేందుకు, పిల్లలను చదివించేందుకు మగవాళ్ళు పూనుకుంటే తప్ప ఆడవాళ్ళకు తీరిక ఉండదు. దైవప్రవక్త (స) ఇంటి పనుల్లో తన కుటుంబానికి తోడ్పడేవారని హజ్రత్ ఆయిషా (ర) ద్వారా మనకు తెలుసు. సున్నత్ అని గడ్డం గురించి చెప్పుకున్నంతగా ఈ సున్నత్ గురించి చెప్పుకోవడం లేదు. అయినా మన వీధుల్లో అసర్ తర్వాత పిల్లలకు కాయిదా, ఖుర్ఆన్ చదవడం నేర్పుతున్నది ఎక్కువగా ఇళ్ళల్లో ఉండే ఆపాలే. వాళ్ళకు జీతమూ లేదు, సర్టిఫికెట్టూ లేదు. ఉద్యోగం అవతల జీవితం అంటే ఏమిటో వాళ్ళను చూసి నేర్చుకోవచ్చు.

ఇక స్వేచ్ఛ గురించి. మేము ఇన్నేళ్ళలో గమనించింది ఒకటే. మనిషిని ఉద్యోగం కట్టేయదు, అప్పు కట్టేస్తుంది. పై అధికారి తప్పుడు సంతకం పెట్టమంటే పెట్టనని చెప్పడానికి కావలసింది ధైర్యం ఒక్కటే కాదు. నెలాఖరుకు కట్టాల్సిన కిస్తీలు లేకపోవడం కూడా. మరి ఆ అప్పు ఎక్కడి నుంచి వస్తోంది? మన ఇళ్ళల్లో చదువు కోసం కొంత, జబ్బుల కోసం కొంత, పెళ్ళిళ్ళ కోసం చాలా. షరియత్ ప్రకారం మహర్ ఇవ్వవలసింది పెళ్ళికొడుకు. అది పెళ్ళికూతురి హక్కు. మన దగ్గర మహర్ కాగితం మీద మిగిలి, జోడే కీ రఖమ్ పెళ్ళికూతురి తండ్రి నెత్తిన పడింది. పైన జహేజ్ సామాను, ఫంక్షన్ హాలు, రెండు రకాల బిర్యానీ. ఆ ఒక్క రాత్రి కోసం తండ్రి పదేళ్ళ సాయంత్రాలు తాకట్టు పెడుతున్నాడు. కడప, రాయచోటి వైపు నుంచి కువైట్ వెళ్ళినవారిని అడగండి. చెల్లెలి పెళ్ళి కోసమో కూతురి పెళ్ళి కోసమో ఇంకో రెండేళ్ళు, ఇంకో రెండేళ్ళు అంటూ ఉండిపోయినవాళ్ళు ఎందరో. వాళ్ళకు ఉద్యోగం అవతల జీవితం అంటే వీడియో కాల్‌లో కనబడే పిల్లల ముఖాలు. ఆ స్వేచ్ఛను హరించింది అరబ్బు షేఠ్ ఒక్కడే కాదు. ఇక్కడ కూర్చుని లిస్టు రాసిన మనమూ ఉన్నాం. పెళ్ళి ఖర్చు తగ్గించడం అంటే డబ్బు మిగలడం మాత్రమే కాదు, ఒక మనిషికి తన సాయంత్రాలు తిరిగి ఇవ్వడం.

దుకాణాలు, షోరూములు ఉన్న సోదరులకు ఒక విన్నపం. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న హదీసు మీకు తెలుసు. మీలో ఎక్కువమంది జీతం సమయానికే ఇస్తారు, అల్హమ్దులిల్లాహ్. కాని ఉదయం షట్టర్ ఎత్తిన కుర్రాడే రాత్రి పదింటికి షట్టర్ దించుతున్నాడు. దుకాణాల చట్టంలో వారానికి 48 గంటల హద్దు, వారానికి ఒక రోజు సెలవు ఉన్నాయి. ఆ కుర్రాడిది కూడా 168 గంటల వారమే. వాడికి మగ్రిబ్ తర్వాత రెండు గంటలు వదిలితే వాడు ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టుకుంటాడు. మన సొసైటీకి మీరిచ్చే చందా ఎంత పుణ్యమో ఇదీ అంతే.

జకాత్ అనగానే రెండున్నర శాతం గుర్తొస్తుంది. నిసాబ్ మించిన సొమ్ము మీద ఏడాది గడిస్తే అది ఫర్జ్. సమయానికి అలాంటి ఫర్జ్ ఏదీ లేదు. మేము ఫత్వా చెప్పడం లేదు, ఊరికే లెక్క కోసం అడుగుతున్నాం. 168 గంటలలో రెండున్నర శాతం ఎంత? నాలుగు గంటల పన్నెండు నిమిషాలు. అందులో సగం ఇచ్చినా రెండు గంటలు దాటుతుంది.

ఆ రెండు గంటలు ఎందుకు అడుగుతున్నామో చెప్పాలి. మన సొసైటీ మగ్రిబ్ తర్వాత పదో తరగతి పిల్లలకు నడుపుతున్న ఉచిత తరగతులు రిటైరైన ఇద్దరు మాస్టర్ల భుజాల మీద నడుస్తున్నాయి. ఇద్దరూ పెద్దవారయ్యారు. ఒకరికి కంటి చూపు తగ్గుతోంది. లెక్కలు, ఇంగ్లీషు చెప్పేవారు రాకపోతే వచ్చే జూన్‌లో తలుపు తెరవడం కష్టం. సొసైటీ దగ్గర గది ఉంది, బల్లలు ఉన్నాయి, బోర్డు ఉంది. దాతలు ఇవ్వగలిగినవన్నీ ఉన్నాయి. లేనిది మనిషి. ఆ మనిషి చందా పుస్తకంలో దొరకడు.

పంతుళ్ళే రావాలని లేదు. బ్యాంకులో పనిచేసే తమ్ముడు వడ్డీ లెక్కల అధ్యాయం మా కంటే బాగా చెబుతాడు. వడ్డీ ఎలా మింగుతుందో కూడా చెబుతాడు. సాఫ్ట్‌వేర్‌లో ఉండి ఇంటి నుంచి పనిచేసే పిల్లలు ఆదివారం పూట స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపి పెట్టవచ్చు. ఆదాయ ధృవపత్రం, కుల ధృవపత్రం ఎక్కడ ఇస్తారో తెలియక గడువు దాటిపోయి స్కాలర్‌షిప్ పోగొట్టుకున్న పిల్లలు ప్రతి ఏటా ఉంటున్నారు. ఆసుపత్రిలో పనిచేసే సోదరీమణులు ఒంటరి వృద్ధురాలికి ఓపీ చీటీ ఎక్కడ తీసుకోవాలో చూపిస్తే చాలు. మెకానిక్ అన్నకు తీరిక లేదంటే తన పనిముట్ల దగ్గరే ఒక పిల్లవాడిని కూర్చోబెట్టుకుంటే చాలు. ఎవరికి తెలిసింది వారు ఇవ్వడమే. ఖిద్మత్ అంటే వేరే లోకపు పని కాదు.

ఇలా చేసినందుకు మనకేమిటి అని యువకులు అడిగితే దానికీ సమాధానం ఉంది. ఆఫీసులో మనం చేసే పని మనం లేకపోతే ఇంకొకరు చేస్తారు. మన కుర్చీలో మరుసటి సోమవారం ఎవరో ఒకరు కూర్చుంటారు. అందులో అవమానం లేదు, అది వ్యవస్థ తీరు. కాని త్రికోణమితి అర్థంకాక బడి మానేద్దామనుకున్న పిల్లకు ఆ సాయంత్రం మీరు పక్కన కూర్చుని విడమరిచి చెబితే, ఆ చోట మీ బదులు ఎవరూ లేరు. మనిషికి తృప్తి అక్కడ దొరుకుతుంది. మేము బడిలో జీతానికి చెప్పిన పాఠాలు ఎన్నో మరిచిపోయాం. గంట కొట్టాక ఆగి చెప్పిన పాఠాలు మాత్రం పిల్లలూ మరవలేదు, మేమూ మరవలేదు.

మనిషి చనిపోయాక అతని కర్మలు ఆగిపోతాయని, మూడు మాత్రం ఆగవని ప్రవక్త (స) బోధించారు. కొనసాగే దానం, ఇతరులకు ఉపయోగపడే విద్య, దుఆ చేసే ఉత్తమ సంతానం. ఆ మూడింటిలో హోదా లేదు, ఇంక్రిమెంటు లేదు. మూడూ ఎక్కువగా గంట కొట్టాక మిగిలే సమయంలోనే తయారవుతాయి.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఉద్యోగుల పదవీ విరమణ వయసు 62. అప్పుడు తీరిక దొరుకుతుంది, అప్పుడు సేవ చేద్దామనుకునే మిత్రులు ఉన్నారు. ఇన్‌షా అల్లాహ్, అందరికీ ఆ వయసు రావాలి, ఆ వయసులో ఆరోగ్యం ఉండాలి. కాని ముసలితనానికి ముందు యవ్వనాన్ని, జబ్బుకు ముందు ఆరోగ్యాన్ని, పనుల ఒత్తిడికి ముందు తీరికను వాడుకోమన్న హితవు మనకు ఉండనే ఉంది. అరవై రెండో ఏట సేవ మొదలుపెట్టేవారికి అలవాటు ఉండాలి కదా. అలవాటు ముప్పయ్యో ఏటనే పడాలి.

సభ ముగిశాక బయట బల్ల మీద ఒక రిజిస్టరు ఉంటుంది. అందులో సొమ్ము గడి లేదు. పేరు, తెలిసిన విద్య, వారంలో వీలయ్యే రోజు, వీలయ్యే గంట. అంతే. తేనీటి తర్వాత దయచేసి ఆ బల్ల దగ్గర ఒక నిమిషం ఆగండి.

అల్లాహ్ మన సంపాదనను హలాల్‌గా ఉంచుగాక, మన సమయంలో బరకత్ ప్రసాదించుగాక, మన పిల్లల చదువులకు మనల్ని సాధనం చేయుగాక. ఆమీన్.

వస్సలాము అలైకుమ్.